పుష్కరం పాటు ఒకే బండి

బాసర అమ్మవారి ముందు పిల్లవాడి చేత పలక మీద అక్షరం దిద్దించడానికి పట్టేది కొద్ది నిమిషాలు. ఆ తర్వాత చదువు పదిహేనేళ్లు నడుస్తుంది. కొత్త బండికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టినప్పుడు జరిగేదీ అదే. పూజ ఒక పూటలో అయిపోతుంది, బండిని కాపాడుకోవడం ఏళ్ల తరబడి సాగుతుంది. ఏ కంపెనీ కొనాలి, ఏ రంగు బాగుంటుంది, ఎంత లోను దొరుకుతుంది అనే విషయాల్లో సలహా ఇవ్వని మనిషి మన ఊళ్లలో ఉండడు. కొన్నాక ఐదో ఏట, ఎనిమిదో ఏట, పన్నెండో ఏట ఆ బండితో ఎలా మెలగాలో చెప్పేవాళ్లు మాత్రం అరుదు. ఈ అధ్యాయం ఆ తర్వాతి ఏళ్ల గురించి, అందులోనూ వెయ్యి సీసీలకు అటూ ఇటూ ఉండే పెద్ద స్పోర్ట్స్ బండ్ల గురించి. గోదావరి ఒడ్డున కాలాన్ని కొలవడానికి పుష్కరం కన్నా మంచి కొలబద్ద లేదు. 2015 జూలై 14 నుంచి 25 దాకా పుష్కరాలు జరిగాయి, మళ్లీ 2027లో వస్తాయి. మొన్నటి పుష్కరాలకు కొన్న బండి రాబోయే పుష్కరాలకు కూడా కొన్ననాటి బిగువుతో నిలబడగలదా? నిలబడగలదు. అయితే ఒక అపోహను ముందే వదిలించుకోవాలి. బండి తిరిగితేనే అరుగుతుందని, తిప్పకుండా ఉంచితే కొత్తగానే ఉంటుందని మనం నమ్ముతాం. పెద్ద బండి విషయంలో ఈ నమ్మకం తలకిందులైనది. దాన్ని పరుగు కన్నా ఎక్కువగా దెబ్బతీసేది నిలుపుదలే. అందుకని సంరక్షణను మీటరుకు కట్టేయకుండా క్యాలెండరుకు కట్టాలన్నది నా వాదన.

ఇది ఎవరి అభిప్రాయమో అనుకోనక్కర్లేదు, తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. ఉదాహరణకు సుజుకి హయబూసాను తీసుకుందాం. 1999 మోడలుగా లోకానికి పరిచయమై, 2008లో 1340 సీసీ ఇంజనుకు పెరిగి, 2016 నుంచి మన దేశంలోని మానేసర్‌లో బిగింపు జరుపుకుంటూ, 2021లో మూడో తరంగా వచ్చిన బండి అది. తెలుగు కుర్రవాళ్లలో దాని పేరు తెలియనివాళ్లు తక్కువ. దాని సర్వీసు పట్టికలో చాలా పనులకు పక్కపక్కనే రెండు లెక్కలు ఉంటాయి, ఒకటి కిలోమీటర్లు, ఇంకొకటి నెలలు. ఏది ముందు వస్తే అదే వర్తిస్తుంది. ఇంజన్ ఆయిల్‌కు 6,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు. వాల్వుల సందు సరిచూడటానికి 24,000 కిలోమీటర్లు. బ్రేక్ ఆయిల్‌కు రెండేళ్లు, బ్రేక్ గొట్టాలకు నాలుగేళ్లు. ఇప్పుడు బాసర, ముధోల్, భైంసా వైపు ఇలాంటి బండి పెట్టుకున్న మనిషి ఏడాదికి 3,000 కిలోమీటర్లు తిప్పుతాడనుకోండి. రోజువారీ పనులకు ఇంట్లో చిన్న బండి ఉంటుంది కాబట్టి పెద్దదాన్ని అంతకు మించి తీయడం కష్టమే. పన్నెండేళ్లకు 36,000 కిలోమీటర్లు. కిలోమీటర్ల లెక్కన వాల్వుల పని ఈ పుష్కరకాలంలో ఒక్కసారే వస్తుంది. కిలోమీటర్ల ప్రకారం ఆయిల్ ఆరుసార్లు మారిస్తే చాలు, నెలల ప్రకారం పన్నెండుసార్లు మార్చాలి. బ్రేక్ ఆయిల్ ఆరుసార్లు, బ్రేక్ గొట్టాలు మూడుసార్లు. మీటరును చూసుకుంటూ కూర్చున్న యజమానికి ఇందులో సగానికి పైగా పనులు కంటికే ఆనవు. "నా బండి ఇంకా పదివేలు కూడా తిరగలేదు" అని గర్వంగా చెప్పుకునే ఎనిమిదేళ్ల బండి లోపల ఎనిమిదేళ్ల నాటి ద్రవాలే ఉండవచ్చు.

బ్రేక్ ఆయిల్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సీసా మూత గట్టిగా బిగించినా, బండిలో రబ్బరు గొట్టాల గుండా తేమ మెల్లగా లోపలికి చేరుతూనే ఉంటుంది. డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరిన తర్వాత 155 డిగ్రీల దాకా నిలిస్తే చాలని ప్రమాణం. ఈ రెండు అంకెల మధ్య తేడాయే మన భద్రత. 260 కిలోలకు పైబడిన బండిని నాలుగు వరుసల రోడ్డు మీద గట్టిగా ఆపవలసి వస్తే డిస్కుల వేడి ఎక్కడికో పోతుంది. ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడితే లివరు చేతికి మెత్తగా తగులుతుంది, చక్రం మాత్రం ఆగదు. ఇది పుస్తకాల్లోని భయం కాదు. 2013లో సుజుకి ఒక్క అమెరికాలోనే రెండు లక్షలకు పైగా జీఎస్ఎక్స్-ఆర్ బండ్లను వెనక్కి పిలిచింది. కారణం ముందు బ్రేకు మాస్టర్ సిలిండరు. లోపలి పిస్టను పైపూత అన్నిచోట్లా సమంగా లేదు. అది కంపెనీ లోపం. అయితే కంపెనీ చెప్పిన వివరణలో ఇంకో సగం ఉంది: చాలాకాలం బ్రేక్ ఆయిల్ మార్చకపోతే అది తేమ పీల్చి చెడుతుంది, ఆ చెడిన ద్రవం పిస్టనును తినేస్తుంది, అప్పుడు పుట్టిన వాయువు పైకి పోలేక బ్రేకు పట్టును తగ్గిస్తుంది. లోపమున్న భాగం, మార్చని ద్రవం కలిస్తేనే ప్రమాదం. భాగంలోని లోపాన్ని మనం చూడలేం, ద్రవం మాత్రం మన చేతిలోనే ఉంది. రెండేళ్లకోసారి మార్చే ఆ సీసా ఖర్చు ఒక ట్యాంకు పెట్రోలు కన్నా తక్కువ. ఈ బండ్ల మీద పెట్టే ఖర్చుల్లో ఇంతకన్నా విలువైనది ఏదీ నాకు తోచదు.

టైర్ల సంగతీ ఇంతే. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2219 అని ఉంటే ఆ టైరు 2019లో 22వ వారంలో తయారైందని అర్థం. కొనేటప్పుడు ఈ అంకెలు చదివే అలవాటు మనకింకా రాలేదు. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించమని, పదేళ్లు దాటితే పైకి ఎంత బాగున్నా తీసేయమని మిషెలిన్ లాంటి కంపెనీలు చెబుతున్నాయి. నన్నడిగితే స్పోర్ట్స్ బండి మెత్తటి టైరుకు ఐదేళ్ల గడువే ఎక్కువ. గాడులు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిబడి రోడ్డును పట్టుకునే గుణం పోగొట్టుకుంటుంది. ఉమ్మడి ఆదిలాబాద్ వాతావరణం ఈ విషయంలో కనికరం చూపదు. ఎండాకాలంలో 45 డిగ్రీలకు చేరే ఇదే నేల శీతాకాలంలో తెలంగాణలోనే అతి చల్లని చోటుగా వార్తల్లోకి ఎక్కుతుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే టైరులో గాలి సుమారు ఒక పౌను మారుతుంది. డిసెంబరు తెల్లవారుజామున చూసిన గాలికీ మే నెల మధ్యాహ్నం చూసిన గాలికీ పొంతన ఉండదు. ఇక మన పంక్చరు షాపుల్లో గాలి అందాజగా కొడతారు. వంద సీసీ బండికి అలవాటైన చెయ్యి అది. హయబూసాకు ముందూ వెనకా 42 పౌన్లు ఉండాలి. ముప్పై దగ్గర ఆపేస్తే ఆ బరువుకు టైరు నలిగి వేడెక్కుతుంది, మూలమలుపులో బండి బద్ధకంగా ఒరుగుతుంది. ఈ బండి ఉన్నవాళ్ల ఇంట్లో సొంతంగా ఒక గాలి కొలిచే గేజీ ఉండి తీరాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బ్యాటరీ కూడా వేడికి ఓర్చలేదు. వేడి పది డిగ్రీలు పెరిగితే దానంతట అది ఖాళీ అయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఆపి ఉంచిన బండిలో గడియారం, తాళం చెవి భద్రతా వ్యవస్థ, కంప్యూటరు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయి. రేకుల షెడ్డులో రెండు వేసవి నెలలు కదలకుండా నిలిచిన బండి స్టార్ట్ కాకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది ఒక జవాబు చెబుతారు. "వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతాం, అది చాలదా?" చాలదు సరికదా, కీడు చేస్తుంది. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కనప్పుడు ఆ ఆవిరి సైలెన్సరులోనూ ఆయిల్‌లోనూ చల్లబడి నీరవుతుంది. అరగంట రోడ్డు మీద పరుగెత్తితే ఎగిరిపోయే ఆ నీరు, షెడ్డులో పది నిమిషాలు గుర్రుమనిపించి ఆపితే లోపలే ఉండి తుప్పు పట్టిస్తుంది. పైగా నిలబెట్టి ఉంచిన ఇంజను స్టార్టుకు ఖర్చయిన కరెంటును కూడా బ్యాటరీకి సరిగా తిరిగివ్వదు. తీస్తే ముప్పై, నలభై కిలోమీటర్లు తీయండి, లేదంటే తాళమే తిప్పకండి. పెట్రోలు గురించి వచ్చే ఫిర్యాదు కూడా ఇక్కడే తేలుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటిని ఆ పాళ్లకు తగినట్టు రూపొందించలేదు. రబ్బరు గొట్టాలు, సీళ్లు త్వరగా గట్టిబడటం, మైలేజీ కొంత తగ్గడం నిజమే, ఆ కోపంలో న్యాయముంది. అయితే ఇథనాలు చేసే పెద్ద నష్టం నిలిచిన ట్యాంకులో జరుగుతుంది. అది తేమను పీల్చుకుంటుంది. మోతాదు మించితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి, ఇంధన పంపు ఉండేదీ ఆ అడుగునే. రెండు మూడు వారాల్లో ట్యాంకు ఖాళీ అయ్యేలా తిరిగే బండికి ఈ గండం చాలావరకు తప్పుతుంది. ఎక్కువకాలం ఆపక తప్పదంటే ట్యాంకు నిండుగా నింపి ఆపాలి, అప్పుడు తేమ గాలికి లోపల చోటుండదు.

నా వాదన విని, అయితే తిరగడం వల్ల నష్టమే లేదా అని అడగవచ్చు. ఉంది, మన నేలలో మరీ ఉంది. ముధోల్, భైంసా చుట్టూ నల్లరేగడి. వానాకాలంలో ట్రాక్టర్లు పొలం మట్టిని తారు రోడ్డు మీదికి మోసుకొస్తాయి, ఆ జిగట మట్టి చైనుకు అంటితే సానరాయిలా పనిచేస్తుంది. పత్తి బళ్లు, లారీలు తిరిగే నెలల్లో దూది పోగులు గాలికి లేచి రేడియేటరు రెక్కల్లో చిక్కుకుంటాయి. కోతలప్పుడు రోడ్డు సగం మేర వడ్లు, మక్కలు ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే ఎంత గొప్ప టైరైనా జారుతుంది. వీటికి మందు తేలిక. ఐదారు వందల కిలోమీటర్లకోసారి చైనును కిరోసిన్‌తో మెత్తటి బ్రష్షు పెట్టి కడిగి, తుడిచి, చైను ల్యూబు వేయాలి. పెట్రోలుతో కడగకూడదు, లింకుల మధ్య రబ్బరు రింగులు పాడవుతాయి. చైను వదులు బండిని బట్టి రెండు మూడు సెంటీమీటర్లకు మించనివ్వకూడదు, వీణ తీగలా బిగించనూ కూడదు. రేడియేటరును బోరు నీళ్ల ప్రెషరుతో దగ్గర నుంచి కొడితే రెక్కలు వంగిపోతాయి, లోపల పోసేది కూడా బోరు నీరు కాకూడదు. మన బోరు నీటిలోని ఉప్పు అల్యూమినియం లోపల గారలా పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరుతో కలిసిన కూలెంటు మాత్రమే పోయాలి. ఈ పనులన్నీ చేతికి మురికి అంటించుకునే ఓపిక ఉంటే ఇంటి ముందు చేసుకునేవే. తిరిగిన బండి మురికి కంటికి కనబడుతుంది కాబట్టి కడుగుతాం. నిలిచిన బండి చెడటం కనబడదు కాబట్టి మరిచిపోతాం. తేడా అదొక్కటే.

గట్టి అభ్యంతరం దూరం గురించి. బాసర నుంచి నిజామాబాద్ ముప్పై అయిదు కిలోమీటర్ల చిల్లర, హైదరాబాద్ రెండు వందల దాకా ఉంటుంది. పెద్ద బండ్ల సర్వీసు కావాలంటే రాజధానికే పోవాలి. అందుకని వాయిదా వేస్తారు. నేను దీన్ని ఇంకోలా చూడమంటాను. కామారెడ్డి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో రెండు వందల కిలోమీటర్లు పోవడం ఆ బండికి శిక్ష కాదు, దానికి కావలసిన వ్యాయామం అదే. ఏడాదికోసారి పోయే ఆ ప్రయాణం సర్వీసుతో పాటు బ్యాటరీని నింపుతుంది, ఆయిల్‌లోని తేమను ఎగరగొడుతుంది. మిగతా పనులను పంచుకోవాలి. నిజామాబాద్, నిర్మల్ మెకానిక్‌లు చేయి తిరిగినవాళ్లు. ఆయిల్, ఫిల్టరు, చైను, బ్రేకు ప్యాడ్లు వాళ్లు చక్కగా చేస్తారు. మీరు చేయవలసింది సరైన సరుకు మీరే కొనిపట్టుకెళ్లడం, బోల్టు ఎంత బిగించాలో మాన్యువల్లో చూసి టార్క్ రెంచితో బిగించమనడం. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. ఈ బండ్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో జారుడు పెంచే మందులు ఉంటాయి, అది పోస్తే క్లచ్ జారడం మొదలవుతుంది. వాల్వుల పని, కంప్యూటరు లోపాలు, ఏబీఎస్ విప్పడం మాత్రం ఆ పనిముట్లు ఉన్నచోటే చేయించాలి. ప్రయోగం చేసి నేర్చుకునే అవకాశం మీ ఇంజను మీద ఎవరికీ ఇవ్వకండి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పల్లెల్లో గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాలి. ఎడారిలో ఏళ్ల తరబడి కష్టపడి కూడబెట్టిన డబ్బుతో సెలవుల్లో కోరిక తీర్చుకుని, మళ్లీ విమానం ఎక్కే మనిషిని తప్పుపట్టలేం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ బండిని ఊళ్లో ఉంచేవాళ్లదీ అదే పరిస్థితి. ఇలాంటివాళ్లు "తమ్ముడు అప్పుడప్పుడు తిప్పుతాడులే" అని తాళం చేతికిచ్చి వెళతారు. ఇది నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట. మన చట్టంలో గేరు బండి లైసెన్సు ఒకటే. వంద సీసీకి చెల్లిన కాగితమే 190 గుర్రాల శక్తి ఉన్న బండికీ చెల్లుతుంది. కాగితం చెల్లినంత మాత్రాన మణికట్టుకు అదుపు రాదు. అలవాటు లేని తమ్ముడికి అప్పగించడం కన్నా బండిని పద్ధతిగా నిద్రపుచ్చి వెళ్లడం వెయ్యి రెట్లు మేలు. వెళ్లే ముందు ఆయిల్ మార్చాలి, ఎందుకంటే వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు నెలల తరబడి లోహాన్ని తింటాయి. ట్యాంకు నింపాలి. బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చి, నిండగానే తానే ఆగే చిన్న ఛార్జరుకు తగిలించాలి. రెండు చక్రాలూ నేలకు తాకకుండా స్టాండ్ల మీద నిలపాలి, లేకపోతే ఒకేచోట బరువు పడి టైరు చదునవుతుంది. సైలెన్సరు నోటికి గుడ్డ కట్టాలి, అదొక ఎలుకల బొరియ కాకుండా. కప్పేది నూలు గుడ్డ అయితే మంచిది, ప్లాస్టిక్ కవరు లోపలి తేమను బయటికి పోనివ్వదు. తిరిగొచ్చాక ముందు బ్రేక్ ఆయిల్, టైర్ల తేదీ, పెట్రోలు వాసన చూసుకుని, ఆ తర్వాతే రోడ్డెక్కాలి. నిలుపుదల చెడ్డదన్న నా మాటకు ఇది విరుద్ధం కాదు. సిద్ధం చేసి ఆపడం వేరు, వదిలేయడం వేరు.

డబ్బు విషయం కూడా క్యాలెండరు వైపే మాట్లాడుతుంది. బీమా లెక్కలో బండి విలువ ఏడాది దాటాక ఇరవై శాతం, రెండేళ్లు దాటాక ముప్పై, మూడేళ్లు దాటాక నలభై, నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు యాభై శాతం తరుగుతుంది. ఆ పట్టికలో కిలోమీటర్ల గడి లేనే లేదు. 2021లో మూడో తరం హయబూసా మన దేశంలో 16 లక్షల 40 వేలకు వచ్చింది. ధర మారలేదనుకుని లెక్క వేస్తే ఐదేళ్లలో 8 లక్షల 20 వేలు, అంటే రోజుకు దాదాపు 450 రూపాయలు, షెడ్డులో ఉన్నా రోడ్డు మీద ఉన్నా పోతాయి. రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లన్నా అదీ ఏళ్ల లెక్కే. బీమా గురించి ఒక మాట విడిగా చెప్పాలి. క్లెయిము వచ్చినప్పుడు ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ధరే ఇస్తారు. స్పోర్ట్స్ బండి ఒళ్లంతా కప్పి ఉండే ఫేరింగు ప్లాస్టిక్కే, నిలబడ్డ బండి పక్కకు ఒరిగినా పగిలేది అదే. అందుకని తరుగుదల లేని పాలసీ దొరికినన్నాళ్లు అదనపు ప్రీమియం కట్టడం దండగ కాదు. ఇంత ఖర్చు, ఇంత శ్రద్ధ ఒక బండి మీద అవసరమా అని ఇంట్లోవాళ్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కూడా మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఆ బండి శక్తిలో మూడొంతులు చట్టబద్ధంగా ఎన్నడూ వాడలేం. వేగం కోసం కొన్నవాళ్లకు ఇది నిరాశే, వాళ్లు మూడో ఏడు అమ్మేస్తారు, అమ్మేయడమే మంచిది. ఒక యంత్రాన్ని బాగా తెలుసుకోవడంలో, దాన్ని సరిగా ఉంచుకోవడంలో ఆనందం ఉన్నవాళ్లకే పుష్కరం గడుస్తుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతమైంది, అంతకు ముందు సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది. కొత్తది కొనడం ఎంత భారమైతే ఉన్నదాన్ని నిలుపుకోవడం అంత లాభం.

ఆచరణకు వస్తే, తేదీలు గుర్తుండవనే సాకుకు మన దగ్గరే మందు ఉంది. రైతు కార్తెలను బట్టి పని చేసుకున్నట్టు బండి పనులనూ కార్తెలకూ పండగలకూ కట్టేయండి. రోహిణి కార్తె ఎండలకు ముందు కూలెంటు, బ్యాటరీ, టైరు గాలి. మృగశిర చినుకులు పడేలోపు టైరు గాడులు, బ్రేకు ప్యాడ్లు, చైను. దసరాకు ఎలాగూ బండి కడిగి పూజ చేస్తాం, కాబట్టి పూజకు ముందురోజే ఆయిల్ మార్పు. ఏడాది విడిచి ఏడాది అదే రోజు బ్రేక్ ఆయిల్. హైదరాబాద్ సర్వీసు ప్రయాణానికి వసంత పంచమి ముందు వెనకల చల్లని రోజులు అనువు. వీటన్నిటికీ ఒక గట్టి అట్ట నోటుబుక్కు కావాలి. ఎడమవైపు తేదీ, కుడివైపు మీటరు అంకె, మధ్యలో చేసిన పని, ఎవరు చేశారు, ఏ సరుకు వాడారు. బిల్లు అక్కడే అతికించండి. టైరు మార్చిన రోజు ఆ నాలుగంకెలూ రాయండి. ప్రతి పని కిందా ఎరుపు సిరాతో మరో తేదీ పడాలి, ఆ పని మళ్లీ ఎప్పుడు చేయాలో. కాబట్టి ఈ అధ్యాయం చదివాక ముందుగా బండి దగ్గరికి వెళ్లి హ్యాండిలు మీదున్న బ్రేక్ ఆయిల్ డబ్బాను వెలుతురులో చూడండి. తేనె రంగు దాటి టీ డికాషన్ రంగులోకి తిరిగి ఉంటే, నోటుబుక్కులో మొదటి గీత దానికోసమే.